పగటివేళ మూసుకున్న కన్ను

ఆ గాజు సీసా మా మనుమని చదువుబల్ల క్రింద, పాత అట్లాసు వెనుక, పదకొండు రోజులు దాగి వున్నది. పూర్వం అందులో నిమ్మకాయ పచ్చడి వుండేది. మూతకు మేకుతో పొడిచిన నాలుగు చిల్లులు, లోపల ఒక ఎండిన జామరెమ్మ, ఆ రెమ్మను పట్టుకొని చూపుడువ్రేలంత ఊసరవెల్లి పిల్ల. పన్నెండవనాటి మధ్యాహ్నం వాడే దానిని తెచ్చి నా ముందు పెట్టాడు.

"తాతా, ఇది కళ్లు తెరవటం లేదు" అన్నాడు.

రహస్యం బయటపడిందన్న బెరుకు కంటె వేరొక భయం ఆ కంఠంలో వినిపించింది. అందుచేత చీవాట్లు తరువాతకు వాయిదా వేశాను.

మేము వుండేది ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచాలో. తాల్‌బగీచా అంటే తాడితోట. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో కార్ఖానా పనికి, లైను పనికి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ ఊరికి వచ్చి స్థిరపడ్డాయి. మాదీ అటువంటి సంసారమే. ఇక్కడి నేల ఎర్రని కంకర నేల. ఇండ్ల మధ్య ఖాళీ స్థలాలలో జిల్లేడు, సీతాఫలం, ముళ్లపొదలు అల్లుకొని వుంటాయి. వర్షాకాలం ముగిసిన తరువాత ఎవరో అటువంటి పొద ఒకటి కొట్టించారు. నరికిన కొమ్మలలో మిగిలిపోయిన ఈ పిల్లను మావాడు జేబులో వేసుకొని వచ్చాడు. వాని ఉద్దేశంలో అది దొంగతనం కాదు, రక్షణ.

మా ఇల్లాలు సీసా చూచి రెండడుగులు వెనుకకు వేసింది. "తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు. ఇంతలోనే ముదిరిపోయిందా యేమిట్రా, బాబూ?" అన్నది. సామెత మనుషులను గూర్చి చెప్పినదే గాని జంతుశాస్త్రం కాదు. తొండ ఎంత ముదిరినా తొండే. ఊసరవెల్లి వేరొక కుటుంబానికి చెందినది. గ్రుడ్డు నుండి వెలువడిననాడే దానికి పట్టకారు వంటి పాదాలు, చుట్టుకొనే తోక, గుండ్రని బురుజుల వంటి కన్నులు వుంటాయి. లోకంలో రెండువందలకు పైగా ఊసరవెల్లి జాతులు వుండగా మన దేశంలో సహజంగా కనిపించేది ఒక్కటే. దానికి విషం లేదు. అది ఉమ్మినా, కరచినా మనిషికి ప్రాణభయం లేదు. అయినా పల్లెలలో దానిని చూడగానే రాయి తీసుకొనేవారు ఇంకా వున్నారు.

వీధి చివర ఒక బెంగాలీ పెద్దమనిషి వున్నారు. జీవశాస్త్రం బోధించి విరమించినవారు. అందరమూ మాస్టర్ మొశాయ్ అంటాము. మనుమడు పరుగెత్తి ఆయనను పిలుచుకొని వచ్చాడు. ఆయన సీసాను ముట్టుకోలేదు. కళ్లద్దాలు సవరించుకొని చాలసేపు చూచి, "బహురూపి పగటివేళ కన్ను మూసిందంటే చివరి మాట చెబుతున్నదన్నమాట" అన్నారు.

బహురూపి అని ఈ జంతువునకు బెంగాలీలో పేరు. ఆ రోజు ఆయన చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకొన్నదీ ఇక్కడ వ్రాస్తున్నాను. తెలుగునాట పొలాల గట్ల వెంట తిరిగే పిల్లల జేబులలోకి ఇటువంటి అతిథులు ఇప్పటికీ వస్తూనే వుంటాయి గదా.

అడవిలో నలతగా కనిపించిన జంతువును శత్రువు ముందుగా ఎన్నుకొంటుంది. అందుచేత ఊసరవెల్లి తన జబ్బును దాచుకొంటుంది. మనకు తెలిసేసరికి సగం కాలం గడచిపోయి వుంటుంది. ఆరోగ్యంగా వున్నప్పుడు దాని రెండు కన్నులు వేర్వేరు దిక్కులకు తిరుగుతూ ఒక్క నిమిషం కూడ ఊరుకోవు. అవి మూతపడేది రాత్రి నిద్రలోనే. పగలు మూసుకొంటే వ్యాధి. కన్ను గుంటలోకి పీక్కుపోతే చాలవరకు దాహం. కనుబురుజు ఉబ్బితే నలుసు పడడమో, ఎ విటమిను లోపమో, చీము పట్టడమో కావచ్చు.

రంగు సంగతిలో జాగ్రత్తగా వుండాలి. పరిసరాలలో కలిసిపోవడానికే ఊసరవెల్లి రంగు మారుస్తుందని మనమందరం బడిలో విన్నాము. చాలవరకు అది దాని మనఃస్థితి, శరీరస్థితి. చర్మకణాలలోని అతి సూక్ష్మమైన స్ఫటికాల ఎడం మారడం వల్ల ప్రతిఫలించే వెలుగు మారుతుందని 2015లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మడగాస్కర్ జాతి ఒకదానిపై పరిశోధించి ప్రకటించారు. నలుపు మాత్రం వేరే వర్ణకం పని. ఉదయపు చలిలో నల్లబడి ఎండను పీల్చుకోవడం సహజమే. మిట్టమధ్యాహ్నం కూడ బొగ్గు వలె వుంటే భయమో, బాధో. అక్కడక్కడ తెల్లని పొరలు లేచినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. అది కుబుసం.

మాస్టర్ మొశాయ్ సీసా అడుగున ఒక చిన్న మలపు ముక్కను అగ్గిపుల్లతో కదిపి చూపించారు. "ఇదిగో దాని జబ్బు చీటీ" అన్నారు. బల్లి జాతుల రెట్టలో నల్లని భాగం ప్రక్కన తెల్లని భాగం వుండడం మనం గోడల మీద చూస్తూనే వుంటాము. ఆ తెలుపు మూత్రపిండాలు విసర్జించే పదార్థం. శరీరంలో నీరు చాలినంత వుంటే తెల్లగా వుంటుంది; ఎండిపోతున్నకొద్దీ పసుపుగా, నారింజరంగుగా మారుతుంది. ఆ సీసాలోనిది పండిన నారింజ తొన రంగులో వున్నది.

"నేను రోజూ నీళ్లు పెట్టాను" అన్నాడు మనుమడు. నిజమే. సీసా మూతలో నీరు నిండుగా వున్నది. కాని ఊసరవెల్లి నిలిచిన నీటిని సాధారణంగా త్రాగదు. ఆకుల మీద జారే మంచుబొట్టును, వానచినుకును నాకి బ్రతికే ప్రాణి అది. పదకొండు రోజులూ నీటి ప్రక్కనే కూర్చుండి అది దాహంతో ఎండిపోయింది. ఈ మాట విన్న తరువాత వాడు చాలసేపు మాట్లాడలేదు.

రెండవ తప్పు గాజు. ఎదిగే పిల్ల ఎముకలకు సున్నం కావాలి, ఆ సున్నం ఒంటబట్టడానికి డి విటమిను కావాలి. పగటిపూట చెట్లపై తిరిగే ఈ జంతువులు ఎండలోని అతినీలలోహిత కిరణాలతో ఆ విటమినును చర్మంలో తయారు చేసుకొంటాయి. కిటికీ అద్దం, సీసా గాజు వెలుతురును లోపలికి రానిస్తాయి గాని ఆ పనికివచ్చే కిరణాలను దాదాపు అడ్డగిస్తాయి. వేడిని మాత్రం బంధిస్తాయి. ఎండలో పెట్టిన మూత సీసాలో చిన్న ప్రాణి కొద్ది నిమిషాలలోనే ఉడికిపోగలదు. పైగా గాజులో తన ప్రతిబింబమే దానికి ప్రత్యర్థిగా కనిపిస్తుంది. ఒంటరితనాన్ని కోరే ఈ జంతువునకు రాత్రింబవళ్లు ఎదురుగా శత్రువు నిలబడి వుండడం ఎటువంటి శిక్షో ఊహించుకోవచ్చు.

మూడవది ఆహారం. మావాడు అన్నం మెతుకులు వేశాడు, పంచదార వేశాడు, చీమలను వేశాడు. దయగల పిల్లవాడు చేసే తప్పులన్నీ చేశాడు. ఊసరవెల్లికి కదిలే పురుగు కావాలి. మిడత, ఈగ, చిన్న గొల్లభామ తగినవి. అవి దాని రెండు కన్నుల మధ్య వెడల్పును మించరాదు. మిణుగురులు బల్లి జాతులకు విషం. వానకాలపు రాత్రులలో పిల్లలు మొదట పట్టేవి అవే గనుక ఈ సంగతి గట్టిగా చెప్పవలసి వున్నది. పురుగులలో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. అడవిలో రకరకాల పురుగులు, నిండైన ఎండ ఆ లోటును తీరుస్తాయి. బంధనంలో ఒకే రకం పురుగు మీద పెరిగిన పిల్లకు ఎముకలు మెత్తబడతాయి. ముందుకాళ్లు విల్లులా వంగుతాయి, దవడ మెత్తనవుతుంది, పట్టు జారుతుంది, వ్రేళ్లు అదురుతాయి.

నాలుక కూడ సాక్ష్యం చెబుతుంది. దానిని విసరిన వేగాన్ని మన కన్ను అందుకోలేదు. దక్షిణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2010లో ఒక విచిత్రం వెల్లడించారు. శరీరం 15 డిగ్రీలకు చల్లబడినా నాలుకను విసరే వేగం కొద్దిగానే తగ్గుతుంది. వెనుకకు లాక్కోవడం మాత్రం బాగా మందగిస్తుంది. విల్లు ముందే ఎక్కుపెట్టి వుంచినట్లు సాగేగుణం గల కణజాలంలో శక్తి నిలువ వుండడమే అందుకు కారణం. కనుక నాలుక ముందుకే రాకుండా గురి తప్పుతుంటే "చలి వేసిందిలే" అని ఊరుకోరాదు. నీరసం, సున్నపు లోపం, నోటిపుండు వంటివి వెదకాలి.

మా ఊసరవెల్లి పిల్ల ఎడమ ముందుకాలు కొద్దిగా వంగి వున్నది. అయినా రెమ్మను వదలలేదు. "పట్టు వున్నది, ఆశ వున్నది" అన్నారు మాస్టర్ మొశాయ్.

అప్పుడాయన ఇంకొక మాట చెప్పారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఊసరవెల్లి రక్షిత జంతువు. పట్టుకోవడాన్ని కూడ ఆ చట్టం వేటగానే పరిగణిస్తుంది. పెంచరాదు, అమ్మరాదు, కొనరాదు. ఏ విధంగానైనా అటువంటి ప్రాణి చేతికి వస్తే 48 గంటలలోపల సమీప పోలీసు స్టేషనుకు గాని, అధికారం గల అటవీ ఉద్యోగికి గాని తెలియజేయాలి. మావాని విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటింది. నేను రైల్వేలో ముప్పదేండ్లు నిబంధనల పుస్తకంతో బ్రతికినవాడిని. మా ఇంటి బల్ల క్రిందనే ఇంత ఉల్లంఘన జరగడం నాకు సుఖంగా లేదు. వెంటనే అటవీ శాఖ వారికి ఫోను చేసి వున్న సంగతి చెప్పాను. మరునాటి ఉదయం వస్తామన్నారు. అంతవరకు ఏమి చేయాలన్నదే ప్రశ్న.

చేసినది చాల స్వల్పం. సీసాను పెరటిలోకి తీసుకొనిపోయి, మూత తీసి, జామచెట్టు కొమ్మను దాని పాదాలకు అందించాము. లాగరాదు; దానంతట అది ఎక్కాలి. వ్రేళ్లు విడదీసి లాగితే మెత్తబడిన ఎముక విరిగిపోవచ్చు. కొమ్మను కోసి, కూరగాయల బుట్టలో నిలబెట్టి, పైన పలుచని దోమతెర గుడ్డ కప్పి, సగం నీడ సగం లేత ఎండ పడేచోట వుంచాము. ఎండ ఎక్కువైతే నీడలోకి జరుగుకొనే వీలుండడం ముఖ్యం. ఒక డబ్బా అడుగున సూదితో చిల్లు చేసి, నీరు ఆకు మీద బొట్టుబొట్టుగా పడేటట్లు పైన కట్టాము. నోరు తెరచి నీరు పోయబోయిన మా ఇల్లాలిని మాస్టర్ మొశాయ్ వారించారు. ఊపిరిగొట్టం ద్వారం నోటిలోనే వుంటుంది. పోసిన నీరు ఊపిరితిత్తులలోకి పోతే చికిత్సే చావవుతుంది. ఎండిపోయిన ప్రాణికి మొదట నీరు, తరువాతనే ఆహారం. ఇంట్లో మిగిలిన మాత్రలు పొడిచేసి పెట్టడం, విటమిను చుక్కలు అంచనా మీద వేయడం కూడదు. డి విటమిను, ఎ విటమిను మోతాదు మించితే అవే ప్రాణాంతకం. తల పైకెత్తి నోరు తెరచి ఊపిరి పీల్చడం, నోటి అంచున నురుగు, దవడ వెంట పసుపురంగు చీము కనిపిస్తే పశువైద్యుని చేతిలో పెట్టడం తప్ప వేరు మార్గం లేదు.

ఆ తరువాత మేమందరం దూరంగా పోవాలి. ఇది మావానికి అన్నిటికంటె కష్టమైన చికిత్స అయింది. జబ్బుపడినవారి ప్రక్కన కూర్చుండడం మన మర్యాద. ఆ ప్రాణికి మాత్రం మన ముఖం కనిపించడమే జ్వరం. వాడు వంటింటి కిటికీ సందు నుండి గంటన్నరసేపు చూస్తూ నిలబడ్డాడు. సుమారు నాలుగు గంటలకు కేక వేయబోయి తన నోరు తానే మూసుకొన్నాడు. ఊసరవెల్లి పిల్ల కుడికన్ను సన్నగా తెరచుకొన్నది. ఒక బొట్టు ముక్కుమీద పడింది. కొంతసేపు కదలలేదు. తరువాత దవడ మెల్లగా ఆడింది. ఇరవై ఏడు బొట్లు త్రాగిందని వాడు లెక్కపెట్టాడు.

మరునాడు వచ్చిన అటవీ ఉద్యోగి యువకుడు. పిల్లవానిని భయపెడతాడేమోనని నేను ముందుగానే మాటలు సిద్ధం చేసుకొన్నాను గాని అవసరం రాలేదు. ఆయన బుట్టలోకి చూచి, రెట్టలోని తెల్లని భాగాన్ని చూచి, "నీరు పట్టించినవారెవరు?" అని మాత్రం అడిగాడు. కొమ్మతో సహా గాలి ఆడే పెట్టెలో పెట్టుకొన్నాడు. చేతులు సబ్బుతో కడుగుకొమ్మని చెప్పాడు. సరీసృపాల మలంలో మనుషులకు విరేచనాలు కలిగించే క్రిములు వుండవచ్చునట.

పదహారు రోజుల తరువాత ఫోను వచ్చింది. పశువైద్యుడు చూచాడని, మిడతలు పడుతున్నదని, సాలవనం అంచున వదలివేశామని చెప్పారు. ఎడమకాలి వంకర మాత్రం పూర్తిగా తీరలేదట. ఎక్కడానికి అడ్డం కాదని అన్నారు.

రాత్రివేళ ఊసరవెల్లులు కొమ్మ చివరలకు చేరి నిద్రపోతాయి. టార్చిలైటు వెలుగులో వాటి ఒళ్లు పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. దీపావళి మరునాటి రాత్రి మావాడు నన్ను వెంటబెట్టుకొని ఆ కొట్టివేసిన పొద దగ్గరకు వచ్చాడు. నరికిన మోళ్ల నుండి కొత్త చిగుళ్లు లేచి వున్నాయి. ప్రక్కనున్న సీతాఫలపు చెట్టు కొమ్మ చివర, మా తలల కంటె ఎత్తున, తెల్లగా సున్న చుట్టినట్లు ఒక తోక కనిపించింది.

"దాని తోబుట్టువేమో తాతా" అన్నాడు, గుసగుసగా. కొంతసేపటికి, "నీళ్లు చల్లాలా?" అని అడిగాడు.

"అక్కరలేదురా, మంచు పడుతున్నది" అన్నాను. వాడు టార్చి ఆర్పివేశాడు.