ఒంట్లో పాడైన సరుకు ఎక్కడికి పోతుంది?

మెత్తటి వేస్టు తిరిగి బ్లోరూమ్‌కు పోయి మళ్లీ నూలవుతుందని మిల్లులో పనిచేసినోళ్లకు చెప్పనక్కర్లేదు. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఇట్లాంటి ఏర్పాటే ఉంది.

కణంలో పనులు చేసేవి ప్రోటీన్లు. పీల్చిన ఆక్సిజన్‌తో కణానికి శక్తి వస్తుంది. ఆ పనిలోనే కొంచెం ఆక్సిజన్ దారితప్పి, తాకినదాన్ని చెడగొట్టే రకంగా మారుతుంది. ఇనుముకు తుప్పు పట్టినట్టు ప్రోటీన్లకూ పడుతుంది. బీడీ పొగ దీన్ని ఇంకా పెంచుతుంది.

ప్రోటీన్ అంటే మడతపెట్టిన గొలుసు. నీళ్లంటే గిట్టని భాగం మడత లోపల ఉంటుంది. దెబ్బ తగిలితే మడత ఊడి ఆ భాగం బయటపడుతుంది. పాడైందని తెలిసే గుర్తు అదే. అప్పుడు ప్రోటియాజోమ్ అనే పీపా దాన్ని పట్టుకుంటుంది. ఏడేసి ముక్కల చక్రాలు నాలుగు, మొత్తం 28 ముక్కలు పేర్చినట్టుంటుంది ఈ పీపా. కత్తెరలు లోపలే ఉంటాయి కాబట్టి మడత చెడని మంచి ప్రోటీన్ తెగదు. మడత ఊడినదే సన్న దారిలో దూరి ముక్కలవుతుంది. ఆ ముక్కలు విడిపోయి అమైనో ఆమ్లాలై, కొత్త ప్రోటీన్లకు పనికొస్తాయి.

పారేయాల్సిన ప్రోటీన్‌కు కణం మామూలుగా యుబిక్విటిన్ అనే చీటీ అంటిస్తుంది. ఆ సంగతి కనిపెట్టిన సీకనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. ఆక్సిజన్ దెబ్బతిన్నవి మాత్రం చాలావరకు చీటీ లేకుండానే పీపాలోకి పోతాయి.

దెబ్బ మరీ ఎక్కువైతే ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని చిక్కుపడ్డ నూలులా ముద్దకడతాయి. ముద్ద పీపాలో దూరదు. వయసు పెరిగేకొద్దీ గుండె కణాల్లో, నరాల కణాల్లో గోధుమరంగు మడ్డి పేరుకునేది ఇట్లాగే.

కంటి లెన్సు సంగతి మరీ కష్టం. దాని నడిమి ప్రోటీన్లు మనం పుట్టినప్పటివే. పాతవి తీసేసి కొత్తవి పెట్టే పని అక్కడ జరగదు. అవి ముద్దకడితే అదే శుక్లం. పొగ తాగేవాళ్లకు శుక్లం వచ్చే ప్రమాదం ఎక్కువ. ముదిరిన శుక్లం చుక్కల మందుతో కరగదు, ఆపరేషన్ చేసి లెన్సు మార్చాల్సిందే.

యాంటీ ఆక్సిడెంట్ బిళ్లలు మింగితే చాలనే మాట నమ్మకండి. ఫిన్లండ్‌లో పొగతాగే 29 వేల మంది మగవాళ్ల మీద పరీక్ష చేస్తే, బీటా కెరోటిన్ బిళ్లలు మింగినోళ్లలో ఊపిరితిత్తుల కాన్సర్ పెరిగిందని 1994లో తేలింది. డబ్బులు బిళ్లలకు పోయకండి. బీడీ మానండి. చూపు మసకైతే వయసని ఊరుకోక కళ్ల డాక్టరుకు చూపించండి.