నేలను పైకి లేపే బాణీ

"టీవీలో ఆటల ప్రోగ్రాముల బాణీలు వింటే జనానికి మనసు ఎందుకు వెనక్కి పోతుందో రాయి. హైదరాబాద్ కబుర్లొద్దు, మీ బేస్తవారిపేట నుంచే రాయి. గురువారం సాయంత్రానికి కవర్ పేజీ వెళ్లిపోవాలి" అని ఎడిటర్ గారు ఫోన్ పెట్టేశారు. నాకా, పాతవన్నీ బంగారమనే మాట మీద మొదటినుంచీ గురి లేదు. పాత రోజుల్లో కరెంటు కోతలూ ఉన్నాయి, వాటి మీద ఎవరూ బెంగ పెట్టుకోరు.

ఊళ్లో కదిపితే మాత్రం అందరి నోటా ఒకటే బాణీ. టీ కొట్టు దగ్గరా, బస్సు కోసం నిలబడ్డవాళ్ల దగ్గరా, మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనిచేసి ఇంట్లో కూర్చున్న పెద్దాయన దగ్గరా అదే. మాటలేం లేవు. నోటితో దడదడమని గుండె కొట్టుకున్నట్టు కొట్టి, "లాక్ చేయమంటారా?" అని ముగిస్తారు. కోటి రూపాయల ఆట బాణీ అది. తెలుగులోకి రావడానికి చాలా ముందే, హిందీలో అమితాబ్ అడిగే రోజుల్లోనే ఊరికి వంటబట్టింది. హిందీ ముక్క రాని ఇళ్లలో కూడా రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆ ఛానలే పెట్టేవాళ్లు. ప్రశ్న ఎవరికీ అర్థమయ్యేది కాదు. కుర్చీలో కూర్చున్న మనిషి చిక్కులో పడ్డాడని మాత్రం అందరికీ తెలిసేది. అది చెప్పింది సంగీతమే.

ఎలా చెప్పిందో తేల్చుకోవాలనిపించింది. పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయిస్తూ జీవితం గడిపిన ఒక మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆ ఆట మొదట పుట్టిన ఇంగ్లాండు షో కోసం కట్టిన బాణీల్ని ఫోన్‌లో వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని కాసేపు విన్నారు.

"ఏంది నాయనా ఇది? పద్యానికి ముందు రాగం తీస్తన్నారు, తీస్తన్నారు, పద్యం ఎత్తుకోరే!"

ఒక్కో ప్రశ్న వెనక మోగే ముక్కను వరసగా పెట్టాను. ఆయన వేలు హార్మోనియం మీద శ్రుతి వెతుక్కుని ఆగింది. తర్వాతి ప్రశ్న ముక్కకు పక్క మెట్టు మీదికి జరిగింది. ఆ తర్వాతి దానికి దాని పక్కదానికి. తెల్లదా నల్లదా అని లేదు, ప్రతిసారీ ఆనుకుని ఉన్న మెట్టే. మాస్టారు కళ్లు తెరిచారు.

ఆ బాణీలో కీలకమంతా ఇక్కడే ఉంది. 2,000 పౌండ్ల ప్రశ్న నుంచి 32,000 దాకా ప్రశ్న మారినప్పుడల్లా సంగీతం అర శ్రుతి పైకి జరుగుతుంది. 64,000 నుంచి మళ్లీ అదే పద్ధతి. వినేవాడికి మార్పు తెలియదు, ఊపిరి మాత్రం బిగుస్తుంది. పైగా ఈ షోలో సంగీతం దాదాపు ఎక్కడా ఆగదు. అంతకుముందు ఇలాంటి ఆటల్లో సంగీతం ఇంత ఎడతెగకుండా మోగేది కాదు.

"మేం ఇట్టా చెయ్యం" అన్నారు మాస్టారు. "శ్రుతి ఒకసారి పట్టినాక అది కదలకూడదు. గొంతు ఎంత పైకి పోయినా సరే, కింద షడ్జమం కదలకుండా ఉంటేనే పాడేవాడు బతుకుతాడు. వీళ్లు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి కింద నేలనే లేపుతన్నారు."

సంగీతం గురించి రాసే పెద్దలెవరూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు. ఆధార షడ్జమం మీద నిలబడి వినడం మన చెవికి తరాల అలవాటు. అదే కదిలిపోతుంటే ఒంట్లో ఏదో తేడా తెలుస్తుంది. హిందీ రాకపోయినా భయం తెలిసింది అందుకేనని నా నమ్మకం.

ఇంకో సంగతి చెబితే మాస్టారు చాలాసేపు నవ్వారు. ఈ బాణీ కట్టింది కీత్ స్ట్రాకన్, మాథ్యూ స్ట్రాకన్ అనే తండ్రీకొడుకులు. ప్రధాన బాణీకి ప్రేరణ గుస్తావ్ హోల్స్ట్ 'గ్రహాలు' అనే వాద్య రచనలోని అంగారకుడి భాగం. ఆ హోల్స్ట్ సంస్కృతం నేర్చుకుని రుగ్వేద సూక్తాలకు బాణీలు కట్టినవాడు. మహాభారతంలోని సావిత్రి కథతో చిన్న సంగీత నాటకమూ రాశాడు, 1916లో ఆడింది. "అయితే మాకు వరసైనోడే" అన్నారు మాస్టారు. సావిత్రి నాటకానికి ఆయన ఎన్ని తెల్లవారుజాముల దాకా వాయించారో లెక్కలేదట.

చరిత్ర గబగబా చెప్పేస్తాను, పేజీ అయిపోతోంది. 1998 సెప్టెంబరు 4న ఈ ఆట ఇంగ్లాండులో ఐటీవీలో మొదలైంది. 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' అయింది. 2014 జూన్‌లో మా టీవీలో నాగార్జునతో 'మీలో ఎవరు కోటీశ్వరుడు'గా తెలుగులోకి వచ్చింది. 2017లో అదే కుర్చీలో చిరంజీవి, 2021 ఆగస్టులో జెమినీలో జూనియర్ ఎన్టీఆర్ 'ఎవరు మీలో కోటీశ్వరులు'. మాథ్యూ స్ట్రాకన్ పోయింది కూడా 2021లోనే.

పెట్టెలో మిగిలినవి

• దూరదర్శన్ గుర్తు తిరిగేటప్పుడు వినిపించే బాణీ పండిట్ రవిశంకర్, షెహనాయ్ విద్వాంసుడు ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్‌లది. ఆట కాదు గానీ, ఊళ్లో రెండో ఓటు దానికే.
• 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా' గురించి అడిగితే ఎవరూ బాణీ చెప్పలేదు, బాలు గారు పిల్లల తప్పులు దిద్దిన తీరు చెప్పారు.
• ఎన్టీఆర్ షోలో కోటి రూపాయలు గెలిచింది కొత్తగూడేనికి చెందిన పోలీసు ఎస్సై, 2021 నవంబరులో.

ఇక నా ఫిర్యాదు. తెలుగు ఛానళ్లలో ఆటలకు కొదవ లేదు. సుమ నడిపిన 'స్టార్ మహిళ' ఏళ్ల తరబడి మధ్యాహ్నాలను ఏలింది. అలాంటి ఆటల్లో అతిథి లోపలికి వస్తే సినిమా పాట ముక్క, ఓడితే ఇంకో సినిమా ముక్క, నవ్వుకు ఒక చప్పుడు. ఆటకంటూ ఒక బాణీ కట్టించి, దాన్నే పదేపదే వినిపించే ఓపిక మనవాళ్లకు లేకపోయింది. ఇన్ని వందల మంది సంగీత దర్శకులున్న భాష మనది. అయినా బేస్తవారిపేట నోట్లో మిగిలిన ఆట బాణీ ఇంగ్లాండు తండ్రీకొడుకులది. వాళ్లు గెలిచారు, న్యాయంగానే గెలిచారు.

సంక్రాంతికో, ఆగస్టు పదిహేనుకో మన బళ్లలో క్విజ్ పెడతారు. మైకులో ఆ కోటి రూపాయల బాణీ డౌన్‌లోడ్ చేసి వేస్తారు. ఈసారి వేయకండి. కంభం, గిద్దలూరు, మార్కాపురం చుట్టూ ఖాళీగా కూర్చున్న నాటకాల హార్మోనిస్టులు ఇంకా ఉన్నారు. ఒకరిని పిలవండి, దారి ఖర్చులిచ్చి ఒక శాలువా కప్పండి, ప్రశ్నకో అర శ్రుతి పెంచమని అడగండి. మా మాస్టారు ఒప్పుకోరు గానీ, మీ ఊరి మాస్టారు ఒప్పుకోవచ్చు.