సందు చిన్నదే... చాకిరీ పెద్దది!

ఇల్లు కట్టుకునేటప్పుడు టైల్సు కొనడానికి ఇంటిల్లిపాదీ బయల్దేరతాం. రంగు నప్పుతుందా, కాలు జారుతుందా అని పది షాపులు తిరుగుతాం. కానీ ఆ టైల్సు మధ్య సందుల్లో ఏం నింపుతారన్నది మాత్రం ఎవరూ అడగరు. అది మేస్త్రి ఇష్టం! ఆఖరి రోజున ఓ బకెట్లో తెల్ల సిమెంటు కలిపి, గుడ్డతో రుద్దేసి వెళ్ళిపోతాడు. గృహప్రవేశం నాడు ఇల్లంతా తళతళలాడుతుంది. ఆర్నెల్లు తిరిగేసరికి? పొయ్యి దగ్గర గీతలు పచ్చగా, సింకు కింద నల్లగా, బాత్‌రూములో పాచి. అప్పుడు బ్రష్షూ, యాసిడ్ సీసా పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చునేది ఎవరు? టైల్సు ఎంచడానికి అందరూ వచ్చినా, సందులు తోమడానికి మాత్రం మనమే కదండీ!

ఈ బాధకి విరుగుడుగా ఇప్పుడు అందరి నోటా ఒకటే మాట: 'ఎపాక్సీ వేయించెయ్యండి'. నాకు ఈ విషయంలో మూడిళ్ళ అనుభవం ఉంది. పుట్టిల్లు గుడివాడ, మెట్టినిల్లు బందరు, ఆడపడుచుది దివిసీమలో అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. ఒకచోట ఎపాక్సీ బ్రహ్మాండంగా పనికొచ్చింది. ఒకచోట సగమే పనికొచ్చింది. మరోచోట వేయించకుండా ఆగడమే మంచిదయింది. ఎందుకో చెబుతాను వినండి.

పసుపు ఎందుకు పట్టేస్తుంది?

సిమెంటులో నీళ్ళు పోసి కలుపుతారు. ఆరేటప్పుడు ఆ నీళ్ళలో కొంత ఆవిరై, కంటికి కనపడని చిల్లులు మిగులుతాయి. మన వంటలో పసుపు నూనెలో బాగా కరుగుతుంది. ఆ నూనె చుక్క సందు మీద పడితే చిల్లుల్లోంచి లోపలికి పోతుంది. ఇక పైపైన ఎంత తుడిచినా ఏం లాభం? పైగా కొత్త సిమెంటుకి సున్నం గుణం ఉంటుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళవుతాయని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా! కొత్త గీతల మీద పసుపు పడితే ఎర్రగా తేలేది అందుకే.

పులుపు సంగతి మరోటి. చింతపండు పులుసు, నిమ్మరసం, బాత్‌రూము యాసిడ్, వీటన్నిటికీ సిమెంటుని తినేసే గుణం ఉంది. యాసిడ్ పోస్తే మరక పోయిందని సంబరపడతాం. నిజానికి మరకతోపాటు పైపొర సిమెంటు కూడా పోతుంది. సందు గుంటపడుతుంది, ఇంకాస్త గరుకవుతుంది, ఈసారి మురికి ఇంకా తొందరగా చేరుతుంది. యాసిడ్ పోసినకొద్దీ మళ్ళీ పోయాల్సిన రోజు దగ్గరపడుతుందన్నమాట.

ఇంతకీ ఏమిటీ ఎపాక్సీ?

పేరు కొత్తగానీ వస్తువు మనకి పాతదే. కారే పైపుకి రెండు ముద్దలు పిసికి అతికించే ఎం-సీల్, విరిగిన పింగాణీని అతికించే రెండు ట్యూబుల అరల్డైట్, రెండూ ఎపాక్సీలే. 1930లలో స్విట్జర్లాండ్‌లో పియరీ కాస్టాన్ అనే రసాయన శాస్త్రవేత్త కట్టుడు పళ్ళకి పనికొచ్చే పదార్థం కోసం వెతుకుతూ దీన్ని తయారుచేశాడట. పళ్ళ సంగతేమోగానీ, జిగురుగా ప్రపంచమంతా పాకింది. పాల డెయిరీల్లో, తిండి వస్తువులు తయారుచేసే ఫ్యాక్టరీల్లో నేల సందులకి ఎప్పటినుంచో వాడుతున్నారు.

టైల్సుకి వాడేదాంట్లో మూడు భాగాలుంటాయి: రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్, రంగు కలిసిన సన్నటి పొడి. నీళ్ళు ఒక్క చుక్క కూడా కలపరు. అందుకే ఆవిరయ్యేదీ లేదు, చిల్లులు పడేదీ లేదు. నూనె, పసుపు, పులుపు పైనే ఉండిపోతాయి.

ఇక్కడో మోసం జరిగే వీలుంది. కొన్ని షాపుల్లో సిమెంటు పొడితోపాటు పాలలాంటి ద్రావణం డబ్బా ఇచ్చి 'ఇదీ ఎపాక్సీయేనమ్మా' అంటారు. కాదు. అది రబ్బరు పాలు కలిసిన సిమెంటే. మామూలు దానికంటే మెరుగే, కానీ ఎపాక్సీ మాత్రం కాదు. ప్యాకెట్ మీద అంతర్జాతీయ గుర్తు వేసి ఉంటే చూడండి. 'సిజి' అంటే సిమెంటుది, 'ఆర్‌జి' అంటే రెసిన్‌ది.

బందరు వంటిల్లు: నలభై నిమిషాల పరుగు

మా వంటింట్లో కొత్త టైల్సు పరిచేటప్పుడే ఎపాక్సీ అనుకున్నాం. మొదటి వాదన సందు దగ్గరే వచ్చింది.

"అమ్మగారూ, సందు వదిలితే ఏం బాగుంటదండీ? ఆనించి పెట్టేస్తే అద్దంలా ఉంటది" అన్నాడు మేస్త్రి.

"సందే లేకపోతే మందు ఎక్కడ దిగుతుంది మేస్త్రీ?" అన్నాను.

నవ్వి, ప్లస్ గుర్తులా ఉండే ప్లాస్టిక్ ముక్కలు తెప్పించాడు. వాటిని స్పేసర్లంటారు. 3 మిల్లీమీటర్ల సందు వదిలాం. మరీ సన్నగా ఉంటే చిక్కటి ఎపాక్సీ అడుగుదాకా దిగదు.

ఎంత కొనాలన్నది రెండో ప్రశ్న. వంద చదరపు అడుగుల నేలకి, 3 మి.మీ. సందుతో, అడుగు టైల్సయితే సుమారు రెండున్నర కిలోలు పడుతుంది. రెండడుగుల టైల్సయితే కిలోన్నర చాలు. పెద్ద టైలుకి గీతలు తక్కువ మరి! ఖరీదు సిమెంటుదానికంటే కొన్ని రెట్లు ఎక్కువ కాబట్టి ఈ లెక్క ముందే వేసుకోండి. కూలీ కూడా విడిగా అడుగుతారు.

టైల్సు పరిచాక వారం రోజులు ఆరనిచ్చి, సందుల్లో ఇసుక, సిమెంటు గీకించి, దులిపించాను. తడి ఉంటే ఎపాక్సీ పట్టదు. జనవరి నెల, పొద్దున్నే చల్లపూట మొదలుపెట్టాం. కలిపిన దగ్గర్నుంచి ముప్పై, నలభై నిమిషాల్లో వాడెయ్యాలి. మే నెల ఎండల్లో ఆ కాస్త సమయమూ ఉండదు. బకెట్లో ముద్దగా వదిలేస్తే దాని వేడికి అదే ఇంకా తొందరగా బిగుసుకుపోతుంది. వెడల్పాటి పళ్ళెంలోకి తీసుకుంటే నయం. కొలత కూడా ముఖ్యమే. ఉప్పూ కారం వేసినట్టు కంటి అంచనా కుదరదు. ప్యాకెట్ మొత్తం కలపాలి, లేదా తక్కెడలో తూచి కలపాలి. కొలత తప్పితే ఎన్నాళ్ళున్నా జిగటగానే ఉండిపోతుంది.

రబ్బరు పలకతో ఏటవాలుగా నొక్కి నింపుతారు. అసలు పని ఆ తరవాతే! టైలు మీద మిగిలిన పల్చటి పొరని వెంటనే తడి స్పాంజితో తుడవాలి. నీళ్ళు మార్చుకుంటూ మళ్ళీ తుడవాలి. మర్నాడు చూద్దాంలే అనుకుంటే ఆ మసక టైలుకే అంటుకుపోతుంది. యాసిడ్‌కీ లొంగదు, దానికి వేరే మందు కొనాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమే. అందుకే ఇద్దరు మనుషులుండాలి. ఒకరు నింపుతుంటే ఒకరు వెనకే తుడవాలి. ఒకేసారి గదంతా కాదు, నాలుగైదు గజాల చొప్పున.

ఆ తుడిచే పని ఎవరికి వస్తుందో గమనించారా? కూలికొచ్చిన ఆడమనిషికి. ఉత్త చేతులతో! గట్టిపడని ఎపాక్సీ చర్మానికి మంచిది కాదు. కొందరికి దురద, బొబ్బలు వస్తాయి. ఒకసారి ఆ పడకపోవడం మొదలైతే జీవితాంతం వదలదు. నైట్రిల్ గ్లవుజులు రెండు జతలు కొనిచ్చాను. "నాకెందుకమ్మా ఇయ్యన్నీ" అంటూనే తొడుక్కుంది. వేల రూపాయల పనిలో ఆ ఖర్చు ఓ లెక్కా! చేతికంటితే సబ్బుతో కడగాలి, థిన్నర్ పెట్టి తుడవకూడదు.

ఒక రోజంతా నడవలేదు. వారం రోజులు నీళ్ళతో కడగలేదు. ఇప్పుడు రొయ్యల ఇగురు ఒలికినా, ఆవకాయ నూనె కారినా తడిగుడ్డ పెట్టి ఒక్క తుడుపు. రంగు మాత్రం తెలుపు వద్దన్నాను. ఎండ తగిలేచోట తెల్ల ఎపాక్సీ కాలక్రమేణా పచ్చబడుతుంది. బూడిదరంగు హాయి.

గుడివాడలో సగం మాట

అమ్మావాళ్ళది పాత ఇల్లు. టైల్సు కూడా పాతవే. హాల్లో సందు లేకుండా ఆనించి పరిచారు. అక్కడ ఎపాక్సీ దిగే చోటే లేదు, వదిలేశాం. బాత్‌రూములో మాత్రం సందులున్నాయి. పాత సిమెంటు మూడింట రెండొంతుల లోతుదాకా గీకించి, రెండు రోజులు వాడకుండా ఆరనిచ్చి వేయించాం.

అక్కడ ఇంకో చిక్కు. గుడివాడ చుట్టుపట్లంతా నల్లమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. దాని మీది ఇల్లు కూడా వెంట్రుకవాసి కదులుతూనే ఉంటుంది. ఎపాక్సీ గట్టిదేగానీ సాగేది కాదు. నేల, గోడ కలిసే మూలల్లో అది నింపితే కదలికకి చిట్లుతుంది. అందుకని ఆ మూలల్లో సాగే గుణమున్న సిలికాన్ పెట్టించాం. అది కొన్నేళ్ళకోసారి మార్చుకోవాలి, అంతే.

పాచి మళ్ళీ రాదా అని అమ్మ అడిగింది. ఎపాక్సీలోకి దిగదు. కానీ సబ్బు జిడ్డు పైన పేరుకుంటే ఆ జిడ్డు మీద బూజు పట్టకుండా ఉండదు. తుడుచుకునే పని తగ్గుతుందిగానీ పూర్తిగా పోదు.

దివిసీమలో వద్దన్నదెందుకు?

మా ఆడపడుచు ఇంట్లో టైల్సు మధ్య తెల్లటి పొడి పొంగుతుంది. తుడిచిన నాలుగు రోజులకే మళ్ళీ వస్తుంది. "వదినా, మీ బందరు ఎపాక్సీ వేయిస్తే ఇది ఆగుతుందా?" అంది. ఆగదు.

సముద్రం పక్కనున్న సీమ అది. 1977 నవంబరు 19న ఉప్పెన ముంచెత్తిన నేల. భూమిలో నీరు చాలాచోట్ల ఉప్పుకయ్య. దీపపు వత్తి నూనె పీల్చినట్టు పునాదీ, నేలా ఆ చెమ్మని పైకి పీలుస్తాయి. నీరు సందులోంచి ఆవిరై, ఉప్పు మిగులుతుంది. ఆ పొడి అదే. ఇప్పుడు ఆ సందుని ఎపాక్సీతో బిగించేస్తే చెమ్మ ఊరుకుంటుందా? పక్కనున్న గోడలోకి పాకి సున్నాన్ని పెళ్ళలుగా ఊడగొడుతుంది, లేదా టైలునే పైకి లేపుతుంది.

మీ ఇంట్లో చెమ్మ కిందనుంచి వస్తోందా అని తెలుసుకోవడం సులువే. రెండడుగుల ప్లాస్టిక్ కాయితాన్ని నేల మీద పరిచి నాలుగంచులకీ టేపు అతికించండి. ఒక రోజు ఉంచి తీయండి. కాయితం అడుగువైపు నీటి బొట్లున్నా, నేల నల్లగా కనిపించినా చెమ్మ భూమిలోంచే. అప్పుడు వైద్యం సందుకి కాదు, నేలకి. కొత్త ఇల్లయితే కాంక్రీటు వేసేముందే కింద మందపాటి పాలిథిన్ పరిపించండి. సిమెంటు కలపడానికి ఉప్పునీళ్ళు వాడనివ్వకండి. మా ఆడపడుచు ఆ డబ్బు దాచి, నేల తిరిగి వేయించుకోవాలని నిర్ణయించుకుంది. అంతదాకా సిమెంటు సందులే నయం, చెమ్మ బయటికి పోయే దారైనా ఉంటుంది.

ఈ ఒక్కటీ మర్చిపోకండి

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరద వదిలారు. దిగువన లంక ఊళ్ళు మునిగాయి. వరద తీసిన ఇళ్ళల్లో బ్లీచింగ్ పౌడరు చల్లి కడుక్కోవడం మామూలే, మంచిదే. కానీ అదే నేల మీద మరకలకని యాసిడ్ పోస్తే? రెండూ కలిసి క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్‌రూములో అది ఊపిరితిత్తులకే ముప్పు. ప్రాణం మీదికీ రావచ్చు. ఘాటు తగలగానే అన్నీ వదిలేసి గాలిలోకి వచ్చెయ్యండి. ఆయాసం తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్ళండి. సిమెంటు సందులకి వంటసోడా తడిపి ముద్దగా రాసి, పాత టూత్ బ్రష్షుతో రుద్దితే చాలావరకు శుభ్రపడతాయి. పనిమనిషికి కూడా ఈ మాట చెప్పండి. యాసిడ్, బ్లీచింగ్ రెండూ ఒకే అరలో పెట్టకండి.

ఇల్లంతా ఎపాక్సీ అక్కర్లేదు. పొయ్యి వెనక గోడ, వంటగట్టు, సింకు చుట్టూ, బాత్‌రూము నేల, ఇవి చాలు. పడగ్గదికీ, హాలుకీ సిమెంటుదే సరిపోతుంది. టైల్సు బేరమాడేరోజే మేస్త్రిని నాలుగు ప్రశ్నలడగండి: సందు ఎంత వదులుతావు? ఏం నింపుతావు? ఇదివరకు ఎపాక్సీ పని చేశావా? తుడవడానికి వెనక మనిషి ఉందా? సరైన జవాబు రాకపోతే ముందు ఓ మూలన నాలుగు టైల్సు వేయించి చూడండి. ఆ నేలని రేపు తుడిచేది మీరు. అడిగే హక్కూ మీదే!