మచ్చలు పోయాయని మురిసిపోయాం

"అమ్మాయ్, ఈ చేపకి అమ్మవారు పోసినట్టుందే!"

ఆదివారం పొద్దున్నే కాఫీగ్లాసుతో చేపలతొట్టి ముందు నిలబడ్డ మా అత్తగారి కేక అది. పొయ్యి కట్టేసి పరుగున వెళ్ళి చూద్దును కదా, నీలంరంగు చేప ఒంటినిండా బొంబాయిరవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు! ఉండుండి పక్కకి ఒరిగి, రాతికి ఒళ్ళు రుద్దుకుంటోంది. ఆ చేప మా ఇంటికొచ్చి అప్పటికి సరిగ్గా తొమ్మిది రోజులు.

అది మా తొట్టిలోకి రావడంలోనే నా తప్పుంది. ఆ సంగతి దాచి మిగతాది చెప్పడం న్యాయం కాదు.

మాది ఉప్పునీటి తొట్టి. రెండొందల లీటర్లది. విశాఖపట్నంలో ఉంటూ ప్యాకెట్ ఉప్పు కొని నీళ్ళల్లో కలుపుతుంటే పక్కింటి పిన్నిగారు బుగ్గలు నొక్కుకుంటారు. "సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని ఉప్పు కొనుక్కుంటారుటమ్మా!" అని. ఒడ్డున దొరికే నీళ్ళల్లో ఊరి మురుగూ, పడవల నూనే కలిసి ఉండొచ్చు. పోనీ వంటింటి ఉప్పు వేద్దామా అంటే సముద్రంలో ఉండే మెగ్నీషియం, కాల్షియం వగైరాలు అందులో సరిపడా ఉండవు. అందుకని అక్వేరియం వాళ్ళు అమ్మే ఉప్పునే లీటరుకి 35 గ్రాముల లెక్కన కలుపుకుంటాం. సముద్రం ఉప్పదనం సుమారుగా అంతే. ఇక మన సముద్రాల్లో పగడాలు తీయడం చట్టరీత్యా నేరం కాబట్టి, కాల్చిన మట్టిరాళ్ళతోనే తొట్టిని ముస్తాబు చేశాం.

దానికి యజమాని మా అమ్మాయి. ఏడో క్లాసు. రెండేళ్ళ క్రితం తన డిబ్బీ పగలగొట్టి ఒక జత క్లౌన్ ఫిష్ కొనుక్కుంది. నారింజరంగు మీద తెల్లపట్టీలు ఉంటాయే, 2003లో వచ్చిన "ఫైండింగ్ నీమో" సినిమాతో పిల్లలందరికీ చుట్టాలైపోయాయే, అవి. వాటికి తోడు రెండు రొయ్యలు, గుప్పెడు నత్తలు. కొత్త చేప ఏదొచ్చినా నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి, ఏ జబ్బూ లేదని తేలాకే పెద్దతొట్టిలో వదలాలని తండ్రీకూతుళ్ళు నియమం పెట్టుకున్నారు. నేనేమో దాని పుట్టినరోజుకి చెప్పకుండా తెచ్చి ఆశ్చర్యపరుద్దామని, అది స్కూలు నుంచి వచ్చేలోగా ఆ నీలం చేపని తిన్నగా పెద్దతొట్టిలో వదిలేశాను. దుకాణంలో నిగనిగలాడుతూ ఈదుతోంది, దీనికేం రోగం ఉంటుందిలే అనుకున్నాను. నీలం టాంగ్ జాతికి ఈ తెల్లమచ్చల జబ్బు తొందరగా అంటుకుంటుందని తర్వాత తెలిసింది. తర్వాత తెలిసినవి చాలా ఉన్నాయి లెండి.

చుక్కలు కనిపించిన రోజున ఇంట్లో తలొక వైద్యం. అత్తగారు పసుపు వేద్దామన్నారు. పక్కింటి పిన్నిగారు మేతలో వెల్లుల్లి రసం కలపమన్నారు. మావారు దుకాణానికి ఫోన్ చేస్తే, మంచినీళ్ళల్లో అయిదు నిమిషాలు ముంచి తీయమన్నారట. పసుపు వెయ్యలేదు గానీ వెల్లుల్లి పెట్టాం, మంచినీళ్ళల్లోనూ ముంచాం. నాలుగో రోజుకల్లా మచ్చలు మాయం! చేప మళ్ళీ పట్టుబట్టలా మెరిసిపోతోంది. "అమ్మవారు చల్లగా చూసింది" అని అత్తగారు పరమాన్నం వండించారు. నా గుండెల మీద బరువు దిగింది. అమ్మాయి కూడా నాతో మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టింది.

మేం పరమాన్నం తిన్నది ఆ పురుగు సరిగ్గా వందలుగా పెరుగుతున్నప్పుడని మాకేం తెలుసు!

మరో పది రోజులకి మచ్చలు తిరిగొచ్చాయి. ఈసారి రవ్వ చల్లినట్టు కాదు, బోర్లించినట్టు. నీలం చేపకే కాదు, క్లౌన్ జంటక్కూడా. మేత ముట్టడం మానేశాయి. నోళ్ళు తెరుచుకుని గబగబా ఊపిరి తీస్తున్నాయి. మొప్పల్లోకి పాకితే అలాగే ఉంటుందట. మూడో రోజు తెల్లారేసరికి నీలం చేప పోయింది. మర్నాడు క్లౌన్ జంటలో పెద్దది. అమ్మాయి ఏడవలేదు. "నాలుగు వారాలు ఆగి ఉంటే సరిపోయేది కదమ్మా" అంది, అంతే. తిట్టినా బాగుండేది. చచ్చినవాటిని సముద్రంలో కలిపేద్దామని అత్తగారు అంటే, ఆ రోగం సముద్రంలో చేపలకెందుకని నందివర్ధనం చెట్టు మొదట్లో తనే పూడ్చిపెట్టింది.

ఆ సాయంత్రం మత్స్యశాఖలో పనిచేసి రిటైరైన మావారి బాబాయిగారు వచ్చారు. మిగిలిన ఒక్క చేప ఒంటిమీద జిగురు గాజుపలకతో సుతారంగా గీకి, తన పాత మైక్రోస్కోపులో అమ్మాయికి చూపించారు. నేనూ తొంగిచూశాను. గుండ్రటి ప్రాణి, ఒళ్ళంతా నూగు, మెల్లగా తనచుట్టూ తాను తిరుగుతోంది. దాని పేరు క్రిప్టోకేరియన్ ఇర్రిటాన్స్. 1951లో పెట్టిన పేరట. క్రిప్టోకేరియన్ అంటే గ్రీకులో "దాగిన కేంద్రకం". ఇక రెండో ముక్క చేపని పెట్టే బాధకి పెట్టిన పేరే.

దాని బతుకు బాబాయిగారు చెబుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. అది చేప పైచర్మం కిందకి దూరి, మూడు నుంచి ఏడు రోజులు తిని బలుస్తుంది. మనకి కనిపించే తెల్లచుక్క అదే. బలిశాక తనంతట తానే, ఎక్కువగా చీకట్లో, చేపని వదిలి కిందకి రాలిపోతుంది. మనం జబ్బు నయమైందని సంబరపడేది అప్పుడే! రాలిన పురుగు ఇసుకకో రాతికో అతుక్కుని చుట్టూ గట్టి తిత్తి కట్టుకుంటుంది. అందులో విడిపోయి, విడిపోయి, ఒక్కటే రెండొందల దాకా అవుతుంది. తిత్తి పగిలి బయటికొచ్చిన పిల్లలు ఒకటి రెండు రోజుల్లో చేపని పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. సముద్రంలో అయితే వాటిలో ఎక్కువభాగం చేప దొరక్కే పోతాయి. రెండొందల లీటర్ల తొట్టిలో చేప దొరక్కపోవడం ఏముంటుంది? చేపల్ని ఒకచోట ఎక్కడ ఇరికించినా ఇదే బెడద. 2007లో మన విశాఖ తీరంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు సముద్రంలో వలపంజరం కట్టి పండుగప్పలు పెంచి చూశారు. అలాంటి పంజరాల్లోని చేపలకీ ఈ పురుగు పెద్ద శత్రువేనట.

"మరి మందు?" అన్నాను.

చర్మం కింద ఉన్నదాన్నీ, తిత్తిలో ఉన్నదాన్నీ మందులు పెద్దగా ఏమీ చెయ్యలేవు. ఈతకొట్టే పిల్లలుగా ఉన్న ఆ కాస్త సమయంలోనే దెబ్బతియ్యాలి. మేం చేసిన మంచినీటి స్నానం ఒంటిపైన పట్టుకునే జలగలాంటి పురుగులకి పనికొస్తుంది గానీ, లోపల దూరినదానికి కాదు. వెల్లుల్లి ఈ జబ్బు నయం చేస్తుందనడానికి రుజువు లేదు. రాగి మందు ఉంది. లీటరు నీటికి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగి రెండు మూడు వారాలపాటు తగ్గకుండా నిలపాలి. తగ్గితే పురుగు చావదు, హెచ్చితే చేప చస్తుంది. రోజుకి రెండుసార్లు కొలవాలి. పైగా రొయ్యలకీ నత్తలకీ రాగి విషం. ఇసుకా రాళ్ళూ దాన్ని పీల్చుకుంటాయి కూడా. కాబట్టి వాడినా విడితొట్టిలోనే. మరో పద్ధతి నాకు భలే వింతగా తోచింది. మంచినీటి చేపకి తెల్లమచ్చలొస్తే నీళ్ళల్లో ఉప్పు వేస్తారు కదా, ఉప్పునీటి చేపకొస్తే ఉప్పు తగ్గిస్తారట! 35 గ్రాముల నుంచి 15, 16కి మెల్లగా దించి మూడు నాలుగు వారాలు ఉంచుతారు. దానికీ లొంగని రకాలున్నాయి. రొయ్యలు మటుకు తట్టుకోలేవు.

చివరికి మేం ఎంచుకున్నది మందే లేని వైద్యం. రాలిన పురుగు తిత్తికట్టి పిల్లలు చెయ్యడానికి కనీసం మూడు రోజులు పడుతుంది కాబట్టి, ఆలోగానే చేపని కొత్త నీళ్ళల్లోకి మార్చెయ్యాలి. రెండు ప్లాస్టిక్ టబ్బులు, రెండు గాలిమోటార్లు కొన్నాం. మొదటి రోజు ఒక టబ్బు, నాలుగో రోజు రెండోది, ఏడో రోజు మళ్ళీ మొదటిది, పదో రోజు రెండోది, పదమూడో రోజున పురుగులేని శుభ్రమైన తొట్టి. ఖాళీ అయిన టబ్బు, గొట్టం, వల అన్నీ కడిగి, మేడమీద ఎర్రటెండలో వడియాల పక్కనే ఆరబెట్టాను. ఎండిపోతే తిత్తి బతకదు. నలభై లీటర్ల నీళ్ళకి విడతకి కిలోన్నర ఉప్పు దాకా పట్టింది. కప్పు తీసి మేత వేసేటప్పుడు ఎంత జాగ్రత్తో! మేత మిగిలితే ఆ చిన్నటబ్బులో అమోనియా పెరిగి, పురుగు చంపాల్సిన చేపని అదే చంపుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి టార్చిలైటుతో మొప్పలు ఆడుతున్నాయా లేదా చూసుకునేదాన్ని. పిల్లకి జ్వరమొచ్చినప్పుడు కూడా అంత లేవలేదని మావారు వేళాకోళం. నేను బదులు చెప్పలేదు.

ఇక పెద్దతొట్టి. చేప లేకుండా డెబ్బైఆరు రోజులు ఖాళీగా ఉంచాలన్నారు బాబాయిగారు. ఆరు వారాలు చాలనేవాళ్ళూ ఉన్నారు గానీ, డెబ్బైరెండో రోజున పగిలిన తిత్తుల్ని కూడా శాస్త్రవేత్తలు చూశారట. రొయ్యలూ నత్తలూ ఉండొచ్చు, వాటిమీద ఈ పురుగు బతకదు. ఆ రెండున్నర నెలలు చుట్టాలెవరొచ్చినా ఒకటే ప్రశ్న. "లైట్లు వెలుగుతున్నాయి, చేపలేవీ?" మా ఆడపడుచైతే "రొయ్యల కోసమా ఇంత కరెంటు బిల్లు!" అని నవ్వి పోయింది. జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, "ఊరెళ్ళాయి" అనేదాన్ని.

ఒక మాట చెప్పాలి. చుక్కలు రవ్వలా కాకుండా పౌడరు అద్దినట్టు సన్నగా, బంగారు పొడిలా కనిపిస్తే అది వేరే పురుగు, వెల్వెట్ అంటారు. అది ఇంకా దూకుడు, రోజుల్లోనే తొట్టి ఖాళీ చేస్తుంది. దానికి టబ్బులు మార్చి చూస్తూ కూర్చుంటే కుదరదు, తెలిసినవారి చేత విడితొట్టిలో రాగి వేయించాలి.

మా ఒంటరి చేప బతికింది. డెబ్బైఏడో రోజున అమ్మాయి చేత్తోనే పెద్దతొట్టిలోకి దిగింది. ఇంకో విశేషం. క్లౌన్ చేపల జంటలో పెద్దది ఎప్పుడూ ఆడదే. అది పోతే మిగిలిన మగది కొన్నాళ్ళకి ఆడదైపోతుంది. "నాయనమ్మా, మనవాడు ఇక మీదట ఆవిడ!" అని అమ్మాయి చెబితే అత్తగారు నమ్మలేదు. బాబాయిగారు అవునన్నాక, "అయితే వదినా అని పిలవాలా?" అన్నారు. అమ్మాయి పగలబడి నవ్వింది. నాకేసి చూసి కూడా నవ్వింది. ఎన్నాళ్ళకో!

ఆవిడకి జోడీగా చిన్న క్లౌన్ ఒకటి వచ్చింది. వాషింగ్ మెషిన్ పక్కన చిన్నతొట్టిలో ఉంది. మొన్న మా ఆడపడుచు మళ్ళీ వచ్చి, "పాపం, దాన్నీ ఆ పెద్దదాంట్లో వెయ్యొచ్చుగా, ఒక్కతే ఉంది" అంది. నేను నోరు తెరిచేలోగానే అమ్మాయి గోడమీద కేలెండర్ చూపించింది.

"ఇంకా పదకొండు రోజులుంది అత్తా."