అదిగో నాన్న!

చిత్రపటమును జూచినపుడు అందున్నవారి అందచందములను మెచ్చుకొందుము. అందు లేనివారిని గూర్చి తలపము. రాజా రవివర్మ (1848–1906) 1893లో రచించిన ‘అదిగో నాన్న’ యను తైలవర్ణ చిత్రము మాత్రము, లేనివానిని గూర్చియే మనకు చెప్పుచున్నది.

ఇంటిలో నొక యువతి బిడ్డను చంక నెత్తుకొని నిలిచియున్నది. ఆమె రవివర్మ కుమార్తె మహాప్రభ. ఆమె చూపును చేయియు పటము వెలుపలికి సాగుచున్నవి. చెంత నొక కుక్క. తండ్రి యెక్కడను లేడు. ఆ యేటనే షికాగో ప్రదర్శనమునకు పోయిన రవివర్మ చిత్రములు పదింటిలో నిదియు నొకటి.

పైకి నిది తల్లిబిడ్డల ముచ్చటయే. కాని యానాటి మలయాళదేశమున ననేక కుటుంబములలో మరుమక్కత్తాయ మను నాచార ముండెను. వంశము తల్లివలన సాగును. ఇల్లు ఆమె పుట్టినింటివారిది. బిడ్డలకు పెద్దదిక్కు మేనమామ. తండ్రి యనేకచోట్ల వచ్చిపోవువాడే. కావున తండ్రిరాకను పండుగగా చిత్రించుటలో ఆలుమగలు, బిడ్డలు మాత్రమే గల క్రొత్త కుటుంబమువైపు మొగ్గు కనబడుచున్నదని విమర్శకు లందురు. ఆ యుమ్మడి కుటుంబపద్ధతిని కేరళరాష్ట్రము 1975 నాటి చట్టముచే రద్దు గావించినది.

నాకు మఱొకటియు తోచుచున్నది. ఆ తల్లి యెదురుచూచుచున్నదే కాని దిగులుపడుట లేదు. తండ్రి రాకమునుపే యా యిల్లు నిండుగానున్నది.

ఈ చిత్రముగల పుస్తకమును మా కాట్రేనికోనలో పొరుగింటి అరుగుమీద విప్పితిని. అయిదేండ్ల బాలిక తొంగిచూచి, “ఆ అమ్మ ఎవరిని చూపిస్తోందండీ?” యని యడిగినది. “వాళ్ల నాన్న వస్తున్నాడమ్మా” యంటిని. “మరి మా అమ్మ?” యన్నది. దాని తల్లి కువైటులో పరుల యింట పనిచేయుచున్నది. మా కోనసీమనుండి యట్లు గల్ఫుదేశములకు పోయిన స్త్రీలు పెక్కురు.

అమ్మమ్మ దానిని ఒడిలోనికి దీసికొని, వీథివైపు చేయిచాచి, “అదిగో, ఆ దారినే వస్తుందే” యన్నది. ఆ చేయి మహాప్రభ చేయివలెనే యుండెను.

తల్లి దూరమున నున్న యింటిని జూచి జాలిపడుట సులభము. నిందించుట మఱియు సులభము. ఆ తల్లి పటము వెలుపల నున్నను, పటమును నిలిపినది యామె కష్టమే. బిడ్డకు నిత్యము ఆ దిక్కు చూపు చేయి యొకటి యున్నచో, ఆ యింటికి వెలితి యెక్కడిది?