ఇంటిపన్ను సంస్కరణము: రెండు దఫ్తరముల పొత్తు

భూమిశిస్తు సంగతి రైతునకు తరతరములుగా తెలిసినదే. ఇంటిపన్ను సంగతి యట్లు కాదు. వరంగల్లు చుట్టునున్న 42 గ్రామములు 2013లో నగరపాలక సంస్థలో చేరినవి. 2015లో నది మహానగరపాలక సంస్థ యయ్యెను. అంతవరకు పంచాయతీకి పన్ను కట్టిన రైతు అప్పటినుండి నగరమునకు కట్టవలసివచ్చెను. కావున నీ పన్ను రీతిని తెలిసికొనుట మన కవసరము.

ఇందు రెండు చేతులు గలవు. చట్టము చేయునది, పద్ధతి నేర్పరచునది రాష్ట్రప్రభుత్వము. ఇల్లు కొలిచి, నోటీసు నిచ్చి, సొమ్ము వసూలుచేసి, దీపములకును మురుగుకాలువలకును వెచ్చించునది నగరపాలక సంస్థ. ఇల్లున్న పేట, కట్టడపు రకము, విస్తీర్ణము, వినియోగము చూచి, దానికి రాదగిన యద్దెను బట్టి పన్ను కట్టుట వాడుక.

చిక్కు వచ్చునది రెండు దఫ్తరములు పొసగనప్పుడు. క్రయపత్రము రాష్ట్రమువారి రిజిస్ట్రేషను కచేరీలో నమోదగును; పన్ను పుస్తకము నగరపాలక సంస్థలో నుండును. ఒకరి సమాచార మొకరికి చేరనిచో, ఇల్లమ్మినవానికే నోటీసు వచ్చుచుండును. కొన్నవాని పేర రసీదే యుండదు.

పూర్వము భూమిశిస్తు విషయమునను నిట్టి కష్టమే యుండెను. 1853లో సాలార్‌జంగు దివాను కాకముందు హైదరాబాదు రాజ్యమున శిస్తు గుత్తకిచ్చుచుండిరి. గుత్తదారుడు సర్కారునకు కట్టవలసినది కట్టి, రైతునుండి తోచినంత రాబట్టెడివాడు. 1865 నాటి జిల్లాబందీతో జీతముపై నధికారులు వచ్చిరి. పిమ్మట భూముల కొలతయు సాగెను. లెక్క వ్రాతలో నున్నప్పుడే రైతునకు అడుగుటకు ఆధారము దొరకినది.

హైదరాబాదు మహానగరము మినహా తక్కిన పట్టణములకు వర్తించు 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టమును నీ త్రోవలోనే నడచినది. యజమానియే తన యింటి వివరములను ప్రకటించుకొనవచ్చును. తప్పుడు ప్రకటనకు పన్నుకు 25 రెట్లు జరిమానా. 75 చదరపు గజములకు మించని స్థలమందలి చిన్న యింటికి సాలుకు 100 రూపాయలే పన్ను. రిజిస్ట్రేషనుతోపాటే పన్ను పుస్తకమున పేరు మారు నేర్పాటును తరువాత వచ్చినది. 15వ ఆర్థికసంఘము సయితము, పట్టణములకు కేంద్రనిధులు రావలెనన్న పన్ను కనీసపు రేట్లు ప్రకటించి, వసూలు పెంచవలెనని నియమము పెట్టినది.

అయినను యజమాని చేయవలసిన పని మిగిలియే యున్నది. తండ్రి గతించినప్పుడు క్రయపత్రముండదు గనుక పేరు దానంతట మారదు. వారసులే మరణ ధ్రువపత్రముతోడను, వారసత్వపు కాగితములతోడను దరఖాస్తు పెట్టవలెను. అన్నదమ్ములు పంచుకొన్న యింటికి పంపకపు పత్రమును రిజిస్టరు చేయించి, వేర్వేరు నంబరులు పొందుట మేలు. సేద్యమునకే వినియోగించు భూమికి ఖాళీస్థలపు పన్ను లేదు. పొరపాటున నోటీసు వచ్చినచో పట్టాదారు పాసుపుస్తకము చూపి వ్రాతమూలకముగా అభ్యంతరము తెలుపవలెను. బకాయిపై నెలకు నూటికి 2 రూపాయల వడ్డీ పెరుగును గనుక వాయిదా దాటనీయరాదు.

పన్ను హెచ్చా తగ్గా యను చర్చ యెప్పుడును ఉండునదే. కాని కొలత తప్పినను, పేరు తప్పినను, తక్కువ పన్నైనను అన్యాయమే యగును. రెండు దఫ్తరముల లెక్క యొకటియై, అది మన కాగితములతో సరిపోవుటయే యీ సంస్కరణమునకు ప్రాణము. ఇంటనున్న రసీదును దస్తావేజును ప్రక్కప్రక్కన పెట్టి, పేరును, కొలతను, ఇంటి నంబరును సరిచూచుకొనుడు.