తూము తాళము ఎవరి చేత?

శామీర్‌పేట చెరువు గట్టుపై నిలిచినవారికి నీరంతయు కనుల యెదుటనే యుండును. చూచుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. కాని తెలంగాణపు చెరువుల సంప్రదాయమున ఒక సూక్ష్మము కలదు. నీరు ఊరందరిది, తూము తెరచి మూయు పని నీరటికానిది. ఏ మడికి ఎప్పుడు నీరు విడువవలెనో రైతులు కూడి నిర్ణయించిననాడు అతడు సేవకుడు. అడుగువారు లేనినాడు అతడే ప్రభువు.

స్వచ్ఛంద సేవకులు నిర్మించు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు విషయమునను ఇదియే చిక్కు. దాని మూలరచనను ఎవ్వరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును. మేడ్చల్ దారిలోని ఇంజనీరింగు కళాశాల విద్యార్థి యొకడు అందొక దోషమును సవరించి పంపవచ్చును. కాని దానిని ఆమోదించు అధికారము గలవారు కొందరే. తలుపు తెరచి యుండుటయు, లోన పీట వేయుటయు ఒకటి కాదు.

ఈ అధికారము పలుచోట్ల పలు విధములు. 1991లో లినక్సును ప్రారంభించిన లీనస్ టోర్వాల్డ్స్‌దే నేటికిని అందు తుదిమాట. డెబియన్ వారు 1998లో రాజ్యాంగమునే వ్రాసికొని, ఏటేట నాయకుని ఎన్నుకొనుచున్నారు. పైథాన్ భాషా నిర్మాత గీడో వాన్ రోసమ్‌ను 'ఆజీవన దయామయ నియంత' యని చమత్కరించెడివారు. ఒక వివాదముతో విసిగి 2018లో ఆయన తప్పుకొనగా, 2019 నుండి ఐదుగురితో ఎన్నికైన మండలి ఆ భారము వహించుచున్నది.

తాళము అందరికిని ఈయరాదా? ఎక్స్‌జెడ్ అను చిన్న సాధనమును ఏండ్ల తరబడి ఒక్కడే పోషించుచుండెను. అలసిన అతనికి తోడుగ వచ్చి, రెండేండ్లకు పైగా పనిచేసి నమ్మకము సంపాదించిన అజ్ఞాతుడొకడు అందు దొంగదారి నమర్చెను. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, తన యంత్రమున ప్రవేశము అరసెకను ఆలస్యమగుట గమనించి కూపీ లాగగా గుట్టు బయటపడెను. మూలరచన తెరచియుండుట వలననే దొంగ దొరకెను. కాపరి ఒంటరి యగుట వలననే దొంగ చొరబడెను.

పాలకుడు మొండివాడైనచో వేరుపడు హక్కు గలదు. 2010లో ఓపెనాఫీస్ నుండి లిబ్రెఆఫీస్ అట్లే వేరుపడెను. అన్నదమ్ములు విడిపోయినచో పొలము సగమగును. ఇచట ఇరువురకును పూర్తిగ దక్కును. చీలునవి పనిచేయు చేతులే.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా సాఫ్ట్‌వేరు కాకున్నను ఈ కుదురు మొక్కయే. శామీర్‌పేటను గూర్చిన పుటను ఆ ఊరి బాలుడే దిద్దవచ్చును. పుటలు తొలగించుట, సభ్యులను నిరోధించుట మాత్రము నిర్వాహకుల పని. వారిని సభ్యులు చర్చించి ఎన్నుకొందురు. అందు సభ్యుల సాధారణ చర్చాస్థలము పేరు 'రచ్చబండ'. పేరు చక్కనిదే. అయినను ఏ రచ్చబండపైనను కూర్చుండువారు పదిమందియే యైనచో పాతవారి మాటయే చెల్లును. అందులకు దుర్బుద్ధి అక్కరలేదు, అలవాటు చాలును.

సాంకేతిక విద్య నేర్పు బిట్స్, న్యాయశాస్త్రము నేర్పు నల్సార్ రెండును శామీర్‌పేట పరిసరముననే యున్నవి. ఈ ప్రశ్నకు ఆ రెండు విద్యలును కావలయును. తాళము ఎవరి చేత నున్నది? ఏ నియమముచే ఇచ్చిరి? ఏ నియమముచే తిరిగి తీసికొందురు? కాదన్నప్పుడు కారణము చెప్పుదురా? వీనికి క్రొత్తవాడు అడుగకమునుపే సమాధానము దొరకినచోటనే నీరు నిజముగ ఊరందరిది.